గోడపొయ్యి మీద టీవీ

నల్లగుంట్లపాడు శాఖా గ్రంథాలయానికి ఒక సీలింగ్ ఫ్యాన్ ఇప్పించమని గ్రంథపాలకుడు భూషణం పదకొండేళ్లుగా అర్జీలు పెడుతూ వచ్చాడు. పన్నెండో ఏట, రోహిణి కార్తె రాకముందే రోళ్లు పగులుతున్న మే నెలలో, ప్రభుత్వం ఆయన మొర ఆలకించి యాభై అయిదు అంగుళాల టీవీ పంపించింది.

పల్నాడులో ఎండ ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. ఆ గ్రంథాలయానికి నాపరాళ్ల కప్పు. పొద్దున ఎనిమిదికి వేడెక్కిన నాపరాయి రాత్రి ఎనిమిదికి గానీ చల్లారదు. ఉన్న ఒక్క ఫ్యానూ పదకొండేళ్ల కిందట రెక్క ఊడి, దినపత్రిక చదువుకుంటున్న వార్డు మెంబరు పక్కన పడింది. ఆనాటి నుంచి ఆ గదికి దిక్కు దక్షిణపు గోడకున్న కిటికీ ఒక్కటే. కిటికీ బయట వేపచెట్టు, లోపల బెంచీ. ఆ బెంచీ మీద కూర్చోవడానికి పాఠకులు పోట్లాడుకుంటుంటే భూషణం మనిషికి అరగంట చొప్పున వంతులు పెట్టాడు. ఊళ్లో ఇంకే విషయంలోనూ లేని సామాజిక న్యాయం ఆ బెంచీ దగ్గర మాత్రం ఉండేది.

టీవీ పెట్టె ట్రాక్టర్ మీంచి దిగుతుంటే అటెండరు మస్తాన్‌బీ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"ఫ్యానొచ్చిందా సారూ?"

"కాదమ్మా, టీవీ."

"గాలి వచ్చిద్దా దాంట్లోంచి?"

"వార్తలొస్తాయి."

"ఆ వేడి కూడానా," అని ఆమె మళ్లీ చీపురు అందుకుంది.

పెట్టెతోపాటు పదహారు పేజీల సర్క్యులర్ వచ్చింది. భూషణం సర్క్యులర్లను చివరిదాకా చదివే అరుదైన జాతికి చెందినవాడు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆయన్ను చెడగొట్టింది ఆ అలవాటే. కళ్లజోడు తుడుచుకుని ఏడో అంశం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. "టెలివిజన్ యంత్రమును విధిగా పఠనమందిరమందలి అంతర్గృహ అగ్నిపీఠమునకు పైభాగమున గోడకు అమర్చవలెను. అన్యత్ర అమర్చిన యెడల సంబంధిత సిబ్బంది బాధ్యులగుదురు."

అగ్నిపీఠమంటే ఏమిటో మొదట అర్థం కాలేదు. ఆఖరి పేజీలో ఉన్న ఫొటో చూశాక అర్థమైంది. బయట మంచు కురిసే ఏదో దేశంలోని గ్రంథాలయం అది. గోడలోనే ఒక పొయ్యి. పొయ్యిలో మంట. మంటపైన గోడకు టీవీ. దాని ముందు ఉన్ని శాలువాలు కప్పుకుని తెల్లజుట్టు ముసలివాళ్లు ఎనిమిదిమంది.

కథేమిటంటే, పఠనాభ్యుదయ శాఖకు చెందిన పెద్దలు కొందరు ఆ దేశానికి అధ్యయన యాత్రకు వెళ్లి తొమ్మిది రోజులు అధ్యయనం చేశారు. అక్కడ నూటికి నూరుమందీ చదువుకున్నవాళ్లేనని తెలిసి ఆశ్చర్యపోయారు. కారణం కనిపెట్టాలని చుట్టూ చూశారు. పుస్తకాలు మన దగ్గరా ఉన్నాయి, అవి కారణం కాజాలవు. బల్లలూ కుర్చీలూ మన దగ్గరా ఉన్నాయి. మన దగ్గర లేనిదీ, వాళ్ల దగ్గర ఉన్నదీ ఆ గోడపొయ్యి ఒక్కటే. శాస్త్రీయంగా ఆలోచించేవాళ్లు ఎవరైనా వచ్చే నిర్ణయానికే వాళ్లూ వచ్చారు. తిరిగొచ్చిన నెలకల్లా 'ఆత్మీయ పఠన పథకం' మొదలైంది.

భూషణం ఉప సంచాలకుడికి ఫోన్ చేశాడు. ఉప సంచాలకుడు కైలాసనాథంగారు ఫోన్‌లో మాట్లాడినా ఫైలు మీద రాసినట్టే మాట్లాడతారు.

"సార్, మా శాఖలో గోడపొయ్యి లేదండి. మామూలు గోడకు తగిలించుకోవడానికి అనుమతి ఇప్పిస్తే..."

"భూషణంగారూ, ఏడవ అంశమును పరిశీలించితిరా?"

"పరిశీలించాను సార్. అందుకే చేశాను ఫోను."

"అందు 'అగ్నిపీఠము ఉన్నచో' అని గలదా? 'అగ్నిపీఠమునకు పైభాగమున' అని గలదు. అనగా అగ్నిపీఠము ఉండి తీరవలెను. లేనిచో నిర్మించవలెను."

"ఇక్కడ నలభై ఆరు డిగ్రీలు సార్."

"ప్రాంతీయ వ్యత్యాసములను పాటించినచో సమానత్వము ఎట్లు సిద్ధించును? లంబసింగి పాఠకునికి గల వెచ్చదనము పల్నాటి పాఠకునికి ఎందులకు ఉండరాదు?"

పల్నాటి పాఠకుడికి వెచ్చదనంలో ఇంతవరకూ ఎవరూ అన్యాయం చేయలేదని భూషణం చెబుదామనుకున్నాడు కానీ అప్పటికే అవతల ఫోన్ పెట్టేశారు.

మూడో రోజు అసిస్టెంట్ ఇంజనీరు సత్యప్రసాద్ టేపు పట్టుకుని దిగాడు. కుర్రవాడేం కాదు, రిటైర్‌మెంటుకు రెండేళ్లుంది, ఆ రెండేళ్లూ ఎవరితోనూ గొడవపడకుండా గడుపుకోవాలని ఉంది. నాలుగు గోడలూ కొలిచాడు. తూర్పున వాకిలి. ఉత్తరం, పడమర నిండా పుస్తకాల బీరువాలు. మిగిలింది దక్షిణపు గోడ.

"ఇక్కడే వేసేద్దామండీ. కిటికీ మాత్రం మూసెయ్యాల."

భూషణం వెళ్లి కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. "కిటికీ ఏం చేసిందండీ? పక్కన ఉంటుందిగా!"

"తొమ్మిదో అంశం చూడండి. టీవీ తెర మీద వెలుగు పడకూడదు. నన్నేం చెయ్యమంటారు? ఇటిక పెట్టి మట్టితో మూస్తా, సిమెంటు వాడను లెండి, మీ మొహం చూసి."

అయిదు రోజుల్లో పని పూర్తయింది. పొయ్యి ముచ్చటగా ఉంది, చుట్టూ రంగు రాళ్లు కూడా పొదిగారు. పైన గొట్టం కోసం వేపకొమ్మ ఒకటి కొట్టేశారు. డాబా మీద తొమ్మిదడుగుల పొగగొట్టం లేచి, ఊరి పొలిమేర నుంచి చూసేవాళ్లకు ఇక్కడేదో మిల్లు పెట్టారనిపించేలా నిలబడింది. భూషణం పొయ్యిలో తలపెట్టి పైకి చూశాడు. నాపరాయి కనిపించింది.

"సత్యప్రసాద్‌గారూ, పొగ పైకెలా పోతుందండీ? మధ్యలో కప్పు అలాగే ఉంది."

"కప్పు పగలగొట్టే ఐటమ్ ఎస్టిమేట్‌లో లేదండి. కింద పొయ్యి ఉంది, పైన గొట్టం ఉంది. రెండూ కలపడం రెండో దశ."

"రెండో దశ ఎప్పుడండీ?"

"మొదటి దశ విజయవంతమైనాక."

కిటికీ పోయాక గ్రంథాలయం పూర్తిగా బట్టీ అయింది. పాఠకులు పత్రిక మడిచి విసురుకోవడంతో కొన్ని వార్తలు ఎవరికీ తెలియకుండానే పోయాయి. అందరికంటే ఎక్కువ కష్టం కోటిరత్నానికి వచ్చింది. ఆమె మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి పోతుంది. సాయంత్రం పని దిగి, చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని, లైబ్రరీకొచ్చి కిటికీ బెంచీ మీద తన అరగంట చదువుకుని ఇంటికి పోవడం ఆమె అలవాటు. ఏడో తరగతిలో బడి మానిన మనిషి. ఆరేళ్లలో సగం బీరువా చదివేసింది.

"ఎందుకు సారూ కిటికీ మూశారు?" అని అడిగింది, చెమట తుడుచుకుంటూ.

"మనకు చలేస్తుందని."

ఆమె నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేసింది. "పోన్లే సారూ. ఆ రాణిగారి నవల రెండో సగం ఇయ్యి. ఇంటికి తీసుకుపోతా."

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. ఆ రాణిగారి నవలకు అట్ట లేదు, పేరున్న పేజీ లేదు, కాబట్టి పేరూ లేదు; కథ ఒక రాణిది గనుక ఊళ్లో అలా పిలుస్తారు. ఆ మాటకొస్తే ప్రభుత్వ లెక్కలో ఆ పుస్తకానికి బతికే హక్కే లేదు. రెండేళ్ల కిందట తనిఖీకి వచ్చినవాళ్లు చినిగిన పుస్తకాలు రెండువందల పన్నెండింటిని ఏరి, 'శిథిల గ్రంథములు, ధ్వంసము చేసి నివేదించవలెను' అని ఉత్తర్వు రాసి పోయారు. భూషణం ఆ పుస్తకాలన్నీ పడమటి బీరువాలో కింది అరల్లోకి చేర్చాడు. మైదాపిండిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి ముద్ద ఉడికించి, అట్టలకు వేసే కాలికో గుడ్డ తెచ్చుకుని, సెలవురోజుల్లో ఒక్కొక్కటే కుట్టి అతికించాడు. ఎలుక కొరికిన చోట కథ తెగిపోతే, తనకు గుర్తున్నంతవరకు చిన్న కాగితం మీద రాసి అంటించాడు. పై నుంచి రిమైండర్లు వచ్చినప్పుడల్లా 'ధ్వంస ప్రక్రియ కొనసాగుచున్నది' అని జవాబిచ్చేవాడు. రెండేళ్లుగా ఆ ప్రక్రియ నిరాటంకంగా కొనసాగుతోంది. ఇంతలో ఆ పుస్తకాలను ఊరు ఊరంతా రెండుసార్లు చదివేసింది.

పొయ్యి కట్టాం, టీవీ తగిలించాం, ఇక మన జోలికి రారనుకున్నాడు భూషణం. సర్క్యులర్లు చివరిదాకా చదివేవాడు కూడా అప్పుడప్పుడు అమాయకుడే. ఆ నెల ఇరవయ్యో తేదీన ఫోన్‌లోకి ఒక యాప్ వచ్చింది. ప్రతి శాఖా నెలాఖరులోగా మంట వెలుగుతున్న పొయ్యిని, పైన నడుస్తున్న టీవీని, ఎదురుగా ఉన్ని వస్త్రాలతో కూర్చున్న ఎనిమిదిమంది పాఠకులను ఒకే ఫొటోలో తీసి ఎక్కించాలి. యాప్‌తోపాటు వచ్చిన సూచనల్లో పద్నాలుగో అంశం ఇంకా స్పష్టంగా ఉంది. "గడువులోగా ఛాయాచిత్రము సమర్పించని శాఖ యందు పాఠకులు లేరని భావించి, సదరు శాఖ మండల కేంద్ర గ్రంథాలయమున విలీనము చేయబడును." మండల కేంద్రం ఇరవై రెండు కిలోమీటర్లు. కోటిరత్నం లాంటివాళ్లు మిరపకాయల తొడిమలు తీసి వచ్చేసరికి అక్కడికి పోయే ఆఖరి బస్సు వెళ్లిపోతుంది.

భూషణం మర్నాడే పని మొదలుపెట్టాడు. యాప్ ముందుగా 'బయటి ఉష్ణోగ్రత' అడిగింది. 46 అని కొట్టాడు. 'చెల్లదు, పది లోపు సంఖ్య నమోదు చేయండి' అంది. కాసేపు ఆలోచించి నాలుగుకూ ఆరుకూ మధ్య చుక్క పెట్టాడు. వెంటనే స్వీకరించింది. ఆ ఒక్క చుక్కతో నల్లగుంట్లపాడులో మంచు కురవడం ఒక్కటే తక్కువైంది.

ఉన్ని వస్త్రాల కోసం జిల్లాకు రాశాడు. సన్మాన సభల్లో మిగిలిపోయిన జరీ శాలువాలు ఎనిమిది, 'తిరిగి పంపవలెను' అనే చీటీతో వచ్చాయి. రిటైరైన లైన్‌మన్ ఏడుకొండలు ఒకటి తీసి భుజాన వేసుకుని చూసుకున్నాడు.

"ముప్పై ఎనిమిదేళ్లు స్తంభాలెక్కి కరెంటిచ్చా భూషణంగారూ. ఒక్కడంటే ఒక్కడు శాలువా కప్పిన పాపాన పోలా. పొయ్యి పుణ్యాన ఇయ్యాల దక్కింది," అన్నాడు.

ఇక మిగిలింది కట్టెలు. కొట్టేసిన వేపకొమ్మ వాకిట్లోనే పడి ఉంది, కానీ అది ప్రభుత్వ ఆస్తి. వేలం వేయకుండా ముట్టుకోకూడదు. పాత దినపత్రికలు కాలుద్దామంటే వాటికి ముగ్గురు సభ్యుల కమిటీ సంతకాలు కావాలి, అందులో ఇద్దరు బదిలీ అయ్యారు, ఒకాయన పోయాడు. ఏ ఇంధనం వాడమంటారో తెలుపగలరని భూషణం పైకి రాశాడు. ఆ ఉత్తరం రాసిన చేతిని ఆయన తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాడు.

జవాబు రెండు రోజుల్లోనే వచ్చింది. పదకొండేళ్ల ఫ్యాను అర్జీకి రాని జవాబు కట్టెలకు అంత తొందరగా రావడం చూసి ఆయనకు ముందే భయమేసింది. "మీ శాఖ యందు ధ్వంసమునకు ఉత్తర్వులు పొందియున్న 212 శిథిల గ్రంథములు గలవు. వాటిని అగ్నిపీఠమున ఇంధనముగా వినియోగించిన యెడల రెండు ఉత్తర్వులునూ ఏకకాలమున అమలగును. ముప్పదవ తేదీన ఉప సంచాలకులు స్వయముగా విచ్చేసి పర్యవేక్షించెదరు."

భూషణం ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని పడమటి బీరువా ముందు కూర్చున్నాడు. పుస్తకాలు కాల్చకపోతే లైబ్రరీ పోతుంది. కాలిస్తే లైబ్రరీ ఉంటుంది గానీ అందులో తను ఎలా ఉండాలో ఆయనకు తెలియలేదు. ఒక పుస్తకం తీసి చూశాడు. నూట నలభయ్యో పేజీలో తను అంటించిన చీటీ కింద ఎవరో పెన్సిల్‌తో 'థాంక్స్ సార్' అని రాసి పెట్టారు. ఆయనకు ఏడుపొచ్చింది.

మస్తాన్‌బీకి విషయం చెప్పాడు.

"పుస్తకాలు తగలబెట్టటానికి లైబ్రరీ ఎందుకు సారూ? శ్మశానం ఉందిగా ఊళ్లో," అంది ఆమె. చీపురు గోడకు ఆనించి, "కాగితం ఒక్కటే పెడితే భగ్గుమని ఆరిపోయిద్ది. కింద కట్టె ఉండాల. ముందు కట్టె రాజుకున్నాకనే పుస్తకాలని చెప్పండి. మనకి కాసింత టైమొచ్చిద్ది," అంది.

"టైమొస్తే ఏం చేస్తాం?"

"అదేందో మరి. చదువుకున్నోళ్లు మీరు, ఆలోచించండి. కట్టె నేను తెస్తా."

ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం పన్నెండున్నరకు కైలాసనాథంగారు ఏసీ కారులోంచి దిగారు. దిగగానే ఆయన కళ్లజోడు అద్దాలు వేడికి మసకబారాయి. వెంట సత్యప్రసాద్ ఉన్నాడు, ఫొటో తీసే పని అతనిది. లోపల ఎనిమిదిమంది పాఠకులు శాలువాలు కప్పుకుని వరసగా కూర్చున్నారు. ఏడుకొండలు గడ్డం మీంచి చెమట బొట్టుబొట్టుగా జరీ మీద పడుతోంది. కోటిరత్నం సగం రోజు పని మానుకుని వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. టీవీ మరీ ఎత్తులో ఉండటంతో అందరి తలలూ వెనక్కి వాలి, ఎనిమిదిమందీ కంట్లో చుక్కలు వేయించుకోవడానికి వచ్చినవాళ్లలా ఉన్నారు.

"ఆహా! ఆత్మీయ వాతావరణము!" అన్నారు ఉప సంచాలకులు, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ. "గ్రంథములు ఏవి?"

భూషణం పొయ్యికీ బీరువాకూ మధ్య వచ్చి నిలబడ్డాడు. "పడమటి బీరువాలో ఉన్నాయి సార్. ముందు కట్టె అంటుకోవాలండి. ఆ తర్వాత ఒక్కొక్కటే..."

"సరి, సరి. క్రమపద్ధతి అవసరమే. కానిండు."

మస్తాన్‌బీ వెనకవైపు నుంచి పెద్ద మోపు తెచ్చి పొయ్యిలో పడేసింది. ఆ ఊళ్లో ప్రతి ఇంటి వెనకా ఉండే మిరపకట్టె అది. కాపైపోయాక పీకి ఎండబెట్టిన మొక్కలు. కాయలు ఏరుకున్నా, రైతు వదిలేసిన తాలుకాయలు ఎన్నో కొన్ని కొమ్మలకు అంటుకునే ఉంటాయి. వేసవిలో నల్లగుంట్లపాడులో ఆ కట్టెను ఇంటి లోపల ఎవరూ వెలిగించరు. వాకిట్లో, అదీ గాలివాటం చూసుకుని వెలిగిస్తారు. ఈ సంగతి ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. సర్క్యులర్‌లో మాత్రం ఎక్కడా లేదు.

టీవీలో శాఖ వారు పంపిన ప్రచార చిత్రం మొదలైంది. ఎవరో పెద్దాయన చేతులు జోడించి, "వెచ్చదనమే విజ్ఞానం" అంటున్నాడు. మస్తాన్‌బీ అగ్గిపుల్ల గీసింది. కట్టె చిటపటమంటూ అంటుకుంది. అప్పటికే అందరి కళ్లూ చెమ్మగిల్లుతుండగా సత్యప్రసాద్ ఫొటో తీశాడు.

ఫొటో తీసిన క్షణానికే మొదటి తుమ్ము వచ్చింది. అది ఉప సంచాలకుల వారిది. రెండోదీ మూడోదీ కూడా ఆయనవే. పొగ పొయ్యిలోంచి పైకి లేచి, నాపరాయిని తాకి, గొట్టం కోసం వెతుక్కుని, రెండో దశ మంజూరు కాలేదని తెలుసుకుని వెనక్కి తిరిగింది. మిరపఘాటు గదంతా కమ్ముకుంది. కిటికీ లేదు. ఎనిమిదిమంది సన్మానితులూ శాలువాలు మూతికి అడ్డం పెట్టుకుని వాకిలివైపు పరుగెత్తారు.

"వె... వెలుపలికి... మార్గము..." అంటూ కైలాసనాథంగారు బీరువాను తలుపనుకుని తోశారు. జీవితంలో మొదటిసారి ఆయన వాక్యం క్రియాపదం లేకుండా ఆగిపోయింది. తర్వాతి వాక్యం మామూలు తెలుగులో వచ్చింది. "ఓరి నాయనో, చచ్చాన్రా, లాగండ్రా నన్ను!"

భూషణం ఆయన రెక్క పట్టుకుని బయటికి లాగాడు. తిరిగి చూస్తే లోపల పొగ తప్ప ఏమీ కనబడలేదు. మంట ఎగిసి బీరువాల దాకా వస్తే?

"కిటికీ!" అని అరిచాడు. "ఏడుకొండలూ, కిటికీ!"

ఏడుకొండలు శాలువా నడుముకు బిగించి, గునపం ఎక్కడ దొరికిందో దొరకపుచ్చుకుని, వేపచెట్టు పక్కన నిలబడి కిటికీ మూసిన ఇటుకల మీద నాలుగు పోట్లు వేశాడు. సత్యప్రసాద్ మాట నిలబెట్టుకున్నాడు, ఒట్టి మట్టే. గోడ గలగలా రాలింది. పొగ బుస్సున బయటికి వచ్చింది. మస్తాన్‌బీ తడిగుడ్డ మూతికి కట్టుకుని లోపలికి పోయి, రెండు బిందెల నీళ్లు పొయ్యిలో కుమ్మరించి వచ్చింది.

"ఇంత ఘాటొచ్చిందంటే మన లైబ్రరీకి ఎవరి దిష్టీ తగల్లేదు సారూ," అంది, కళ్లు తుడుచుకుంటూ.

పుస్తకాల్లో ఒక్కదానికీ ఏమీ కాలేదు. టీవీ పని మాత్రం అయిపోయింది. పొయ్యి వేడికి కింది అంచు కరిగి వేలాడుతోంది. తెర నల్లబడింది.

అరగంట తర్వాత వేపచెట్టు కింద కుర్చీ వేసి ఉప సంచాలకుల వారిని కూర్చోబెట్టారు. కోటిరత్నం మజ్జిగ తెచ్చిచ్చింది. ఆయన కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, చేతికందిన ఎవరిదో శాలువాతో ముక్కు తుడుచుకుంటున్నారు. ఆ శాలువా తిరిగి పంపవలసినదని ఎవరూ గుర్తుచేయలేదు. ఇంతలో సత్యప్రసాద్ ఫోన్ టింగుమంది. అతను ఎక్కించిన ఫొటోను యాప్ పరిశీలించి ఫలితం పంపింది. "మంట: కలదు. టీవీ: కలదు. పాఠకులు: ఎనిమిది. కళ్లలో చెమ్మ: ఎనిమిది. ఆత్మీయత స్థాయి: అత్యుత్తమం. శాఖ కొనసాగింపు: ఆమోదించబడింది."

భూషణం చెట్టు మొదలుకు ఆనుకుని నిలబడ్డాడు. ఊపిరి పీల్చుకున్నాడో లేదో, కైలాసనాథంగారు మళ్లీ గ్రాంథికంలోకి వచ్చేశారు.

"నివేదిక యందు ఇంధనము ఏమని వ్రాయవలెను? మిరపకట్టె అనుమతించబడిన ఇంధనముల జాబితాలో లేదే?"

"లేదు సార్," అన్నాడు భూషణం.

"నా సమక్షమున అననుమత ఇంధనము వాడబడెనని వ్రాసినచో, టీవీ నష్టమునకు నేను బాధ్యుడనగుదును." ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి భూషణాన్ని తేరిపార చూశారు. "అనుమతించబడిన ఇంధనము శిథిల గ్రంథములు మాత్రమే. అవి... దగ్ధమైనట్లే గదా?"

భూషణం ఇరవై ఏడేళ్లుగా స్టాకు రిజిస్టర్‌లో ఒక్క తప్పుడు అక్షరం రాయనివాడు. 'ప్రక్రియ కొనసాగుచున్నది' అన్నది కూడా అబద్ధం కాదని తనకు తాను ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నవాడు.

"లోపలికి వచ్చి ఒకసారి చూస్తారా సార్?" అన్నాడు.

కైలాసనాథంగారు గదివైపు చూశారు. కిటికీలోంచి ఇంకా సన్నగా పొగ వస్తోంది. ఆయనకు మరో తుమ్ము వచ్చింది.

"అనవసరము. దగ్ధమైనవి. వ్రాసికొనుడు. రెండువందల పన్నెండు గ్రంథములు మా సమక్షమున సంపూర్ణముగా దగ్ధమైనవి. ఇకపై ఈ గ్రంథముల విషయమున ఎట్టి ఉత్తరప్రత్యుత్తరములునూ జరుపరాదు."

భూషణం రాశాడు. స్టాకు రిజిస్టర్‌లో కూడా ఎర్రసిరాతో ఎక్కించాడు. ఉప సంచాలకుల వారు సంతకం చేసి, గుండ్రటి సీలు కూడా వేసి, కారెక్కారు.

తర్వాత పది రోజులకు రెండు ఉత్తరాలు ఒకే రోజు వచ్చాయి. మొదటిది, రాష్ట్రం మొత్తం మీద ఆత్మీయతలో ప్రథమ స్థానం పొందినందుకు నల్లగుంట్లపాడు శాఖకు ప్రశంసాపత్రం. రెండోది చూసి భూషణం కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు. పదకొండేళ్ల తర్వాత ఫ్యాను అర్జీకి జవాబు. "మీ శాఖ యందు అగ్నిపీఠము విజయవంతముగా పనిచేయుచున్నందున, ఫ్యాను గాలికి మంట ఆరిపోవు ప్రమాదము గలదు. కావున మీ అభ్యర్థన శాశ్వతముగా తిరస్కరించడమైనది."

ఆయన రెండింటినీ ఒకే ఫైల్లో కుట్టి పెట్టాడు. ఫ్యాను రాదని తేలిపోయింది. అయితేనేం, కిటికీ తిరిగొచ్చింది. కూలిన ఇటుకలను మళ్లీ పేర్చడానికి ఏ ఎస్టిమేట్‌లోనూ ఐటమ్ లేదని సత్యప్రసాద్ ఫోన్ చేసి మరీ చెప్పాడు. మస్తాన్‌బీ పొయ్యిలో మంచినీళ్ల కుండ పెట్టింది. లైబ్రరీలో అంత చల్లటి చోటు ఇంకోటి లేదని ఆమె చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు.

సాయంత్రం కోటిరత్నం తన వంతు అరగంట కిటికీ బెంచీ మీద కూర్చుని, వేపగాలికి పేజీలు ఎగరకుండా మోచెయ్యి అడ్డం పెట్టుకుని చదివింది. లేచేటప్పుడు ఆ రాణిగారి నవలను బల్ల దగ్గరికి తెచ్చింది.

"ఇంకా నూట యాభై పేజీలున్నాయి సారూ. స్టోరేజీలో పని ఎక్కువగా ఉంది. ఎప్పటికి తెచ్చియ్యమంటావు?"

భూషణం అలవాటుగా రిజిస్టర్ తెరిచాడు. ఆ పుస్తకం నంబరు ఎదురుగా ఎర్రసిరాతో తన చేతిరాతే ఉంది. దగ్ధము, ధ్రువీకరించబడినది, గుండ్రటి సీలు. రిజిస్టర్ మూసేసి పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు.

"కాలిపోయిన పుస్తకానికి గడువేంటమ్మా. నిదానంగా చదువుకో."